ఉస్మానియా స్కిన్ బ్యాంకులో

డాక్టరు గారు ఫ్రిజ్ తలుపు తీసి ఒక సీసా చూపించారు. చిక్కటి ద్రవంలో తెల్లటి పట్టీలు, ఉల్లిపొరంత పలచన. అది మనిషి చర్మం. 85 శాతం గ్లిసరాల్‌లో, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే ఐదేళ్ళు నిలుస్తుంది. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో మొదలైన ఈ బ్యాంకు తెలంగాణలో మొదటిది.

చర్మం కాలిపోతే ఒంట్లో నీరు కారిపోతుంది, గాయంలో క్రిములు చేరతాయి. ప్రాణం తీసేది ఎక్కువగా అవే. రోగి సొంత చర్మమే తీసి అతకడం శాశ్వత వైద్యం. ఒళ్ళు సగం కాలినవాళ్ళకి తీయడానికి చోటెక్కడిది? అప్పుడు ఈ సీసాలోది కప్పుతారు. రెండు మూడు వారాలకి ఒళ్ళు దాన్ని తోసేస్తుంది. ఈలోగా నొప్పి తగ్గుతుంది, రోగి కాస్త తేరుకుంటాడు, సొంత చర్మం అతకడానికి వీలు చిక్కుతుంది.

వేరే కట్టులూ లేకపోలేదు. పశువుల తోలు నుంచి తీసిన కొల్లాజెన్ షీట్లు, కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొర వాడతారు. 1980లలో ముంబయిలో డాక్టర్ కేస్వాని ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాజుగుడ్డకు అతికించి, శుద్ధిచేసి పిల్లల గాయాలకు కట్టారు. గాయం తేమ ఆరదు, కట్టు విప్పేటప్పుడు పుండు రేగదు. పేద ఆసుపత్రికి ఎంత గొప్ప ఆలోచన! ఇంట్లో తొక్కలు చుట్టుకోమని మాత్రం కాదు. కాలిన వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. పేస్టు, సిరా, పసుపు వద్దు.

పెద్ద గాయానికి మాత్రం, చనిపోయాక దాతలిచ్చే చర్మం ఎంతో కావాలి. దొరకడమే కష్టం.

“ఒళ్ళంతా ఒలిచేస్తారా, స్నానం చేయించడానికి వీలుంటుందా అని ఇంటివాళ్ళు అడుగుతారండీ” అన్నారు డాక్టరు గారు. తొడలు, కాళ్ళు, వీపు మీద నుంచి, డెర్మటోమ్ అనే చిన్న యంత్రంతో పైపొర మాత్రమే తీస్తారు. రక్తం ధారకట్టదు. కట్టు కట్టి, గంటలోపే దేహాన్ని అప్పగిస్తారు. ఆ భయాన్ని తప్పుపట్టలేను. చెప్పేవాళ్ళు లేకే అది మిగిలింది.

పద్దెనిమిదేళ్ళు దాటినవారెవరైనా ఇవ్వొచ్చు. ఎయిడ్స్, హెపటైటిస్, చర్మ క్యాన్సర్ లాంటివి ఉండకూడదు. బ్లడ్ గ్రూపు కలవక్కర్లేదు. కళ్ళు ఇస్తామని ఇంట్లో చెప్పి ఉంచినవాళ్ళు చర్మం మాట కూడా ఇవాళే చెప్పండి. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపే తీయాలి.