అగ్గిపుల్ల లేని అగ్గి

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. నాకు తెలిసిన రసాలు తొమ్మిదే. అయినా ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినం పేరిట, మా కెమిస్ట్రీ సారు రసాయనానికి వ్యాఖ్యానం చెప్పే పని నా నెత్తిన పడుతుంది. "మీరు మాట్లాడండి, నేను చేస్తాను. రెండూ ఒక్కడే చేస్తే చెయ్యి తడబడుతుంది" అంటారాయన.

ఆ విధంగా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి తిరిగాను. 2016 దాకా ఈ మూడూ వరంగల్లు జిల్లావే. బమ్మెర పోతన గారి పుణ్యమా అని జనగామలో నా మాటలకు చప్పట్లు బాగానే పడ్డాయి. తరవాత సారు చేతికి పని చెప్పేసరికి నన్ను చూసినవాడు లేడు!

ఇనుపరేకు మీద ఇసక పరిచి, చిటికెడు పొటాషియం పర్మాంగనేటు పోస్తారు. మధ్య చిన్న గుంట చేసి రెండు మూడు చుక్కల గ్లిజరిను వేసి, వెనక్కి జరుగుతారు. కాసేపు ఏమీ కాదు. ఆ 'కాసేపు' లోనే ఉంది ప్రమాదమంతా. ఏమైందోనని మొహం వంచి చూసేవారూ, మరికాస్త పోసేవారూ ఉంటారు. ఉన్నట్టుండి పొగ, వెనకే ఊదారంగు మంట!

మహబూబాబాదులో ఒక పిల్ల లేచి నిలబడింది. "సార్, మా ఊర్ల ఒక అవ్వ ఇంటి ముందట గిట్లనే మంట లేసింది. ఆమెకు బాణామతి వస్తదని అందరు మాట్లాడుడు బంద్ చేసిన్రు. అది గూడ గిదేనా?"

హాలు నిశ్శబ్దమైపోయింది. సారు తొందరపడలేదు. "అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు బిడ్డా. మంత్రం లేకుండా మంట పుట్టడం మాత్రం నువ్వు చూసినవ్. ఊళ్లె ఆ మాట చెప్పు" అన్నారు. ప్రమాదమని ఈ ప్రయోగాలు మానేద్దామనేవారికి నా జవాబు ఆ పిల్లే.

మానక్కర్లేదు, జాగ్రత్త కావాలి. 2014 జనవరిలో న్యూయార్కు బీకన్ హైస్కూల్లో రంగుల మంటలు చూపబోతే మిథనాలు ఆవిరి భగ్గుమని ఇద్దరు విద్యార్థులు కాలిపోయి ఆసుపత్రి పాలయ్యారు. అందుకే మా సారు మంట దగ్గర స్పిరిటు సీసా ఉంచరు. ముందురోజు ఒంటరిగా చేసి చూసుకుంటారు. కళ్లద్దాలు పెట్టుకుంటారు, ముందువరసను దూరంగా జరిపి, చున్నీలు, జడలు సర్దుకోమంటారు. సోడియమైతే కందిబద్దలో సగం. దానికి నిప్పంటుకుంటే నీళ్లు పనికిరావు, పొడి ఇసకే దిక్కు.

భూపాలపల్లిలో సింగరేణి కార్మికుల పిల్లలకు సన్నని ఇనుపజల్లెడ చూపించారు. కింద గ్యాసు మండుతున్నా మంట జల్లెడ దాటి పైకి రాలేదు. వేడిని తీగలే లాగేసుకున్నాయి. 1815లో డేవీ గారు గని దీపం చేసింది ఈ కిటుకుతోనే. అక్కడ కేరింతలు లేవు. తండ్రులు గనిలోకి దిగే పిల్లలు కళ్లార్పకుండా చూశారు.

అమ్మలారా, రేపు మీ అబ్బాయి గ్లిజరిను కొనిపెట్టమంటే కేకలెయ్యకండి. ఇంట్లో మాత్రం వద్దు. వాణ్ణి వెంటబెట్టుకుని బడికి వెళ్లి, "మా వాడికి చూపించండి మాష్టారూ" అనండి.