తుని నుంచి విశాఖకు, ఫిల్ము కవర్లతో

తెల్లవారకముందే తునిలో విశాఖ బస్సెక్కాం, మా వదినా నేనూ. వదిన ఒళ్లో పెద్ద ఎక్స్‌రే కవర్లు రెండు. ఒకటి మొన్న తీయించిన మామోగ్రామ్, రెండోది 3 ఏళ్ల కిందటిది. మడత పడకుండా నిలువుగా పట్టుకుని కూర్చుంది. కొత్త రిపోర్టులో ఎడమ రొమ్ములో సున్నపు రేణువుల గుంపు ఉందనీ, బైరాడ్స్ 0 అనీ రాశారు. ఆ సున్నా మంచికో చెడుకో తెలియక ఆవిడకు రాత్రంతా నిద్ర లేదు.

తాండవ వంతెన దాటాక మెల్లగా అంది: "కాల్షియం మాత్రలు మానేశానమ్మాయ్. పాలూ, మునగాకూ కూడా." నా దగ్గర జవాబు లేదు. నక్కపల్లి, యలమంచిలి, అనకాపల్లి దాటినా ఆ మాటే నా మనసులో తిరిగింది.

ఆస్పత్రిలో ఫొటోలు తీసే అమ్మాయి ముందుగా అడిగింది, "పౌడరు రాసుకున్నారా అండీ?" అని. వదిన స్నానం చేసి చంకల్లో పౌడరు అద్దుకునే బయల్దేరింది. ఆ అమ్మాయి తడి దూదితో శుభ్రంగా తుడిపించింది. పౌడరు కూడా ఫిల్ములో తెల్ల చుక్కలుగా పడి సున్నమేమో అనిపిస్తుందట.

తర్వాత పెద్దవి చేసి చూపే ఫొటోలు తీశారు. రొమ్మును పలకకు ఆనించకుండా కాస్త ఎత్తులో పెట్టి, అనుమానమున్న చోటునే చిన్న పలకతో నొక్కారు. అలా తీస్తే ఒకటిన్నర నుంచి రెండింతలు పెద్దగా కనబడుతుంది. పై నుంచి ఒకటి, సరిగ్గా పక్క నుంచి ఒకటి. వదిన పళ్ల బిగువున ఓర్చుకుంది.

చీకటి గదిలో డాక్టరమ్మ మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టుకున్నారు. "బైరాడ్స్ 0 అంటే పరీక్ష ఇంకా పూర్తి కాలేదనే అమ్మా. మాత్రలు మళ్లీ వేసుకోండి, తినే కాల్షియానికీ దీనికీ సంబంధం లేదు." వదిన నా చెయ్యి పట్టుకుంది.

కుడి రొమ్ములోనూ రేణువులున్నాయి! పై నుంచి తీసిన ఫొటోలో అలుక్కుపోయిన మచ్చలు. పక్క నుంచి చూస్తే అవే చిన్న నీటితిత్తుల అడుగున పేరుకున్న నెలవంకలు. నీళ్లలో తేలే సున్నం కిందికి దిగడమే అది, భయం లేదన్నారు. రక్తనాళాల గోడల వెంట ఉన్న జంట గీతలనూ పట్టించుకోలేదు.

ఎడమ వైపు మాత్రం చాలాసేపు ఆగారు. సెంటీమీటరు మేరలో సన్నని పలుకులు, ఒకదాని ఆకారం ఒకదానికి లేదు. పాత ఫిల్ము పక్కన పెట్టి చూశారు. అప్పుడు అక్కడ ఏమీ లేదు. ముందు ఆకారం, తర్వాత అమరిక, ఆపైన పాత ఫిల్ము: తొందరపడకుండా ఆవిడ చూసిన ఆ వరస నాకెంతో ధైర్యాన్నిచ్చింది. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్లలో తీసేసిన 3,000కు పైగా రొమ్ములకు ఎక్స్‌రే తీసి ఇలాంటి చుక్కల్ని గమనించాడని తర్వాత చదివాను. నూరేళ్లు దాటినా వాటిని ఓపిగ్గా చూడగల కన్ను కావాల్సిందే.

ఈసారి రిపోర్టు 4బి. క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి పదికి పైన, యాభై లోపు. ముక్క తీసి చూడాల్సిందే.

బయాప్సీకి మళ్లీ అదే దారి. రెండు కోణాల ఫొటోలతో లోతు లెక్కగట్టి, మత్తు సూది వేసి, సన్నని ముక్కలు తీశారు. వాటికీ ఎక్స్‌రే తీశారు! ముక్కల్లో ఆ పలుకులు కనబడ్డాకే వదినను లేవనిచ్చారు. అవి ముక్కల్లో లేకపోతే, మంచి ఫలితమొచ్చినా నమ్మడానికి లేదట. తీసిన చోట గుర్తుగా చిన్న క్లిప్పు వదిలారు.

ఫలితం వచ్చింది. పాలనాళం లోపలే ఉన్న క్యాన్సర్, గోడ దాటలేదు. చేత్తో ఎంత తడిమినా గడ్డ తగలదు. క్లిప్పు దాకా సన్నని వైరు దించి, అంత మేర ఆపరేషన్ చేస్తామన్నారు. వదిన ఏడవలేదు. తేదీ రాయించుకుంది, ఫొటోల సీడీ అడిగి తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో యలమంచిలిలో దిగుదామంది. వాళ్లక్క ఉండేది అక్కడే. యాభై దాటి ఏళ్లయినా ఆవిడ ఇంతవరకు మామోగ్రామ్ తీయించుకోలేదు.