చావి యక్కఱలేని చేతిగడియారములు

ఒకప్పుడు మన తెలుగునాట చేతిగడియారమన్నది పెండ్లిలో అల్లునికి పెట్టు లాంఛనములలో నొకటి. దానికై కూడబెట్టిన రూకలలో ఇంటి యాడువారి మిగులుబాటు ఎంత యున్నను, కట్టుకొనువాడు మాత్రము మగవాడే.

ఈ యేట బసంత్‌నగరులోని మా యింట రెండు గడియారములు కొనవలసి వచ్చెను. మా మఱదికి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పని కుదిరినది. మా యాడుబిడ్డ బడిలో ఉపాధ్యాయినిగా చేరినది. "అబ్బాయికి మంచిది చూడవమ్మా, పిల్లకు ఏదో యొకటి చాలును" అని మా యత్తగారనిరి. "ఇద్దఱును గంట చూచుకొని పనికి పోవువారే గదా, అత్తమ్మా!" అని విన్నవించి, దాదాపు సమానమైన వెలగల రెండు ఆటోమాటిక్ గడియారములను పోల్చి చూచితిమి.

సెల్లుతో నడచు గడియారము వెల తక్కువ, కాలము మఱింత సరిగా చూపును; ఇది దాచరాని మాట. అయినను సెల్లు మార్చు పని లేక, బాగుచేయించుకొనుచు ఏండ్ల తరబడి వాడుకొనవచ్చునని ఇద్దఱును ఆటోమాటిక్కునే కోరిరి. ఇందులో అర్ధచంద్రాకారపు బరువొకటి యుండును. చేయి కదలినపుడెల్ల అది తిరిగి లోపలి స్ప్రింగును చుట్టును.

మేము చూచినవి రెండును జపానువారి యంత్రములే. సీకో 5 అను పేరు 1963లో వెలసినది. సిటిజన్ వారి పనితనము మనకు క్రొత్త కాదు. 1961లో బెంగుళూరున హెచ్.ఎమ్.టి. వారు గడియారముల తయారీని ఆరంభించినది వారి సహకారముతోనే. ఆ హెచ్.ఎమ్.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించెను.

పాతవరుస సీకో 5లోని 7ఎస్26 యంత్రమునకును, సిటిజన్‌లోని 8200 యంత్రమునకును పోలికలే యెక్కువ. రెండింటను 21 రాళ్లు; రెండును గంటకు 21,600 తడవలు కొట్టుకొనును; పూర్తిగా చుట్టుకొన్న పిమ్మట తీసిపెట్టినను రెండును సుమారు 40 గంటలు నడచును. దినమునకు కొన్ని పదుల సెకన్ల తేడా వచ్చుట ఈ తరగతి యంత్రములకు దోషము కాదు.

భేదమంతయు చుట్టుకొనుటలో నున్నది. సీకోలోని బరువు ఎటు తిరిగినను స్ప్రింగు చుట్టుకొనును. కాని చేతితో చావి యిచ్చుటకు వీలు లేదు. నిలిచిపోయినచో మెల్లగా అటునిటు ఊపవలెను. సిటిజన్‌లోని బరువు ఒక వైపు తిరిగినపుడే చుట్టును. కాని ప్రక్కనున్న మరతో చేతితోను చావి యీయవచ్చును. 2019లో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్‌లోని 4ఆర్36 యంత్రమునకును ఈ సౌకర్యము కలదు గాని, దాని వెల మా సంచికి మించినది.

మా మఱది మూడు షిఫ్టులలో మాఱి మాఱి పనికి పోవువాడు; గడియారము చేతినుండి తీయడు. అతనికి సీకో తగినది. ఆడుబిడ్డ శనివారము సాయంకాలము బడినుండి వచ్చి గడియారము తీసిపెట్టునో, మరల సోమవారము ఉదయముననే కట్టుకొనును. నడుమ గడచునవి సరిగా ఆ 40 గంటలే! నిలిచినదానికి నాలుగు చుట్లు చావి యిచ్చి, వేళ దిద్దుకొని, బయలుదేరుటకు ఆమెకు సిటిజన్ అనుకూలము.

రెండింటికిని జాగ్రత్తలొక్కటే. రాత్రి 9 గంటలు మొదలు తెల్లవారుజామున 4 గంటల వఱకు తేదీని మార్చరాదు. అప్పుడు లోపలి పండ్లచక్రములు తేదీని త్రిప్పు పనిలో నుండును. అయస్కాంతము గల స్పీకర్లపై గడియారము నుంచరాదు.

కావున సోదరీమణులారా, అంగడికి పోవుటకు ముందు, కట్టుకొనువారు ఆడువారా మగవారా యని తలపక, "వారమునకు ఎన్ని దినములు కట్టుకొందువు?" అని మాత్రము అడుగుడు. ఏది తగినదో ఆ యుత్తరమే చెప్పును.