అనుమానం పెనుభూతం

"అనుమానం పెనుభూతం" అన్నారు మనవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నదాన్ని గనక, ఈ సామెతకు ఎన్ని కథలు అల్లి చెప్పానో నాకే లెక్క తెలియదు. భార్యను అనుమానించిన భర్త, కోడల్ని అనుమానించిన అత్తగారు, గుమాస్తాను అనుమానించిన షావుకారు - అందరూ చివరికి చెడినవాళ్ళే. అయితే రోజూ ఆ పెనుభూతానికి దణ్ణం పెట్టుకుంటే తప్ప మనిషి బతికి బట్టకట్టలేని వ్యాపకం ఒకటుందని 2023 వేసవిలో నాకు తెలిసింది. తెలియజెప్పినవాడు మా మరిది. ఆ వ్యాపకం పిస్తోలుతో గురి చూసి కాల్చడం. అంతటితో ఆగక, కాల్చిన తూటాలను ఇంట్లో కూర్చుని మళ్ళీ నింపుకోవడం!

కంగారు పడకండి. మా మరిది చీమకైనా అపకారం చెయ్యని మనిషి. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాసు దగ్గర ఒక ఊళ్ళో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అక్కడి పౌరసత్వం వచ్చాక, తోటి ఉద్యోగులతో కలిసి ఆదివారాలు గురి కాల్చే మైదానానికి వెళ్ళడం అలవాటయింది. కాగితం మీద గుండ్రాలు గీసి ఉంటాయి. నడిమి గుండ్రంలో పడితే పది మార్కులు. మన ఊళ్ళో కొందరు పేకాటకు పోయినట్టు, కొందరు భజనకు పోయినట్టు, ఈయన అక్కడికి పోతాడు.

నేను వెళ్ళిన మర్నాడే మా చెల్లెలు నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "అక్కా, నీ మాటంటే ఆయనకు గురి. ఎలాగైనా మాన్పించు. తొమ్మిదేళ్ళ పిల్లవాడున్న ఇల్లు. దేవుడి గది పక్కనే మందుగుండు గది ఏమిటి చెప్పు?" అంది. సరే, చూసి మాట్లాడదామన్నాను. చూడకుండా తీర్పు చెప్పడం పంతులమ్మకు తగదు కదా.

ఆ గదికి తాళం ఉంది. టెక్సాస్ ఎండకు కారు షెడ్డు కొలిమిలా కాగుతుంది. మందుకు ఆ వేడి పనికిరాదు. అందుకని చల్లగా, పొడిగా ఉండే లోపలి గదిలో పెట్టుకున్నాడట. లోపల ఒక బల్ల, బల్లకు మరలతో బిగించిన పిడి యంత్రం, కంసాలి త్రాసు లాంటి చిన్న త్రాసు. రేడియో లేదు, టెలివిజను లేదు, ఫోను అసలే లేదు.

"తూటాలో నాలుగే వస్తువులు, వదినా" అని బల్ల మీద వరసగా పెట్టి చూపించాడు. ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న బిళ్ళ, లోపల మందు, మూతి దగ్గర గుండు. పిస్తోలు మీట నొక్కితే సూది వెళ్ళి బిళ్ళను కొడుతుంది. దీపావళికి మన పిల్లలు పిస్తోళ్ళలో పెట్టి పేల్చే బిళ్ళకు ఇది పెద్దక్క. బిళ్ళ నిప్పు మందుకు అంటుకుంటుంది, మందు కాలి వాయువవుతుంది, వాయువు గుండును నెడుతుంది. గుండు పోయింది, మందు కాలిపోయింది, బిళ్ళ చితికింది. ఇత్తడి గొట్టం మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. ఖరీదైన వస్తువు అదే. దాన్ని పారేసుకోవడం ఇష్టంలేని పొదుపరులు మళ్ళీ నింపుకుంటారు. సొంత వాడకానికైతే అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. అమ్ముకోవాలంటే మాత్రం కావాలి.

మందు కొలిచే కొలత పేరు 'గ్రెయిన్' అన్నాడు. అంటే గింజ! నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు ధాన్యపు గింజ, మనకు గురిగింజ. తూకం ఎక్కడైనా గింజతోనే పుట్టిందన్నమాట. ఇంకా విశేషం, ఇంగ్లీషువారి ఏలుబడిలో 1833లో మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లని స్థిరపరిచారు. మా మరిది పిస్తోలు తూటాలో పట్టే మందు నాలుగైదు గ్రెయిన్లు. ఐదనుకున్నా తులంలో ముప్పై ఆరో వంతు. చెల్లెలి ముక్కుపుడక అంతకన్నా బరువుంటుంది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. కాని మా కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 35 పౌన్ల ఒత్తిడి. ఈ తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి పెట్టిన గరిష్ఠ హద్దు 35,000. వెయ్యి టైర్లు, వదినా, నా పిడికిట్లో!" అన్నాడు.

ఆ మాటతో నాకు సగం పాఠం అర్థమయింది. తక్కిన సగం ఇదీ. ఈ పనిలో పెద్ద ప్రమాదాలు రెండు. మొదటిది ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పొయ్యడం. కొన్ని మందులు గొట్టంలో సగం కూడా నిండవు. రెండోసారి పోసినా పొర్లదు, కంటికి తెలియదు. పేల్చినప్పుడు పిస్తోలే పగులుతుంది. అందుకే రెండుసార్లు పడితే పొర్లిపోయేటంత నిండుగా ఉండే మందును కొందరు ఏరి కొనుక్కుంటారు. రెండో ప్రమాదం అసలు మందే పొయ్యకపోవడం. బిళ్ళ ఒక్కటే 'టప్' మంటుంది. గుండు గొట్టం మధ్యదాకా వెళ్ళి ఇరుక్కుపోతుంది. కాల్చేవాడు ఆ చప్పుడులో తేడా పసిగట్టక ఇంకొకటి పేల్చాడా, వెనకదానికి దారి లేదు. అది గుండు కన్నా గండం!

అంచేత బల్ల దగ్గర కొన్ని నియమాలున్నాయి. బల్ల మీద ఒక్క రకం మందే ఉండాలి. రెండో డబ్బా కనపడకూడదు. మందైనా బిళ్ళలైనా వచ్చిన పెట్టెలోనే ఉండాలి. వేరే సీసాలోకి మార్చకూడదు. బిళ్ళల్ని గాజు సీసాలో కుప్పపోస్తే ఒకటి పేలి అన్నీ పేలుతాయి. కొలతలు అచ్చుపుస్తకంలో చూసి తియ్యాలి. ఎవరో చెప్పారని తియ్యకూడదు. కళ్ళకు అద్దాలుండాలి. నిద్రవస్తున్నా, ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో మాటామాటా వచ్చినా ఆ రోజు గది తలుపు తియ్యకూడదు. మా తాతగారు దీపావళికి మతాబులు కూరేటప్పుడు వంటింట్లో పొయ్యి ఆర్పించి, మమ్మల్నందరినీ వీధిలోకి తరిమేవారు. ఖండాంతరాలు దాటినా మందు బుద్ధి మారదు గదా!

ఒక శనివారం రాత్రి తొమ్మిదింటికి మా మరిది ఆ గదిలో ఉన్నాడు. అక్కడ రాత్రి తొమ్మిదైతే గుంటూరులో ఆదివారం ఉదయం ఏడున్నర. వాళ్ళమ్మగారు ఫోను చేశారు. ఆవిడకు మోకాలి నొప్పి ఎక్కువైందని మా చెల్లెలు కంగారుపడి, తలుపు తట్టి ఫోను చేతికిచ్చింది. ఆయన అలాగే లేచి వచ్చి, పావుగంట మాట్లాడి, తిరిగి లోపలికెళ్ళాడు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చి, "వదినా, ఒకసారి ఇలా రండి" అన్నాడు.

డబ్బాలో పూర్తయిన తూటాలు 37 ఉన్నాయి. తాను లేచిన క్షణాన పిడి పైకెత్తి ఉందో కిందికి దించి ఉందో, గొట్టంలో మందు పడిందో లేదో, తూటాను డబ్బాలో వేసింది ఫోను ముందో తరవాతో గుర్తులేదట. "ఒక్కదాంట్లో తేడా ఉండొచ్చు. ఏదో తెలియదు" అన్నాడు.

"త్రాసులో వేసి చూడు" అన్నాను, తెలివిగా.

"తెలియదు వదినా. గొట్టాల బరువులు, గుండ్ల బరువులు వాటిలో వాటికే తేడా ఉంటాయి. ఆ తేడాలో ఈ నాలుగైదు గింజలు మునిగిపోతాయి."

మరి ఏం చేస్తావంటే, సుత్తి ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ పనిముట్టు ఒకటి తీశాడు. తూటాను అందులో బిగించి మొద్దు మీద కొడితే గుండూ మందూ ఊడి లోపల పడతాయి. 37 తూటాలూ ఒక్కొక్కటే ఊడదీశాడు. ప్రతిదాని మందూ తూచాడు. రాత్రి పదకొండు దాటింది. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముప్పై ఏడింటిలో ఒక్కదాంట్లోనూ తేడా లేదు.

"చూశావా, ఊరికే శ్రమపడ్డావు" అన్నాను.

"లేదని ఇప్పుడు తెలిసింది వదినా. ఇందాక తెలియదుగా!"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో విసుగు లేదు. పరీక్ష పేపరు రాసి, గంట కొట్టేలోపు మళ్ళీ మొదటినించీ చదువుకునే విద్యార్థులు క్లాసుకు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళ మొహం అలా ఉంటుంది.

పిస్తోలు తుడవడంలోనూ ఇదే మంత్రం. తుడిచే గదిలో తూటా ఉండకూడదు. ముందు మేగజీన్ తియ్యాలి. మేగజీన్ అంటే నాకు తెలిసింది మీరు చదువుతున్న ఇలాంటి పత్రికే; పిస్తోలు పిడిలో తూటాలుండే పెట్టెకూ అదే పేరట. తిరగేసి చూస్తే ఆ మాటకు పుట్టిల్లు అరబ్బీ. గిడ్డంగి అని అర్థం. మన 'ఖజానా' దానికి చెల్లెలే. 1731లో ఎడ్వర్డ్ కేవ్ లండనులో ఒక పత్రిక పెట్టి, రకరకాల రచనల గిడ్డంగి అనే భావంతో దానికి ఆ పేరు పెట్టాడు. మనదాన్ని అజాగ్రత్తగా తెరిచినా ప్రాణహాని లేదు. ఆ మేగజీన్ సంగతి వేరు.

ముందు మేగజీన్ తీసి, ఆ తరవాత పైభాగాన్ని వెనక్కి లాగి, గదిలోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడాలి. ఈ వరస తప్పకూడదు. ముందు పైభాగం లాగితే లోపలి తూటా బయటికి దూకుతుంది. వదలగానే మేగజీన్‌లోంచి ఇంకొకటి ఆ చోట్లోకి ఎక్కుతుంది. తరవాత మేగజీన్ తీసి, ఖాళీ అయిందనుకుంటాం. కొన్ని రకాలను విప్పాలంటే మీట నొక్కి తీరాలి. "ఖాళీ పిస్తోలే" అనుకుని నొక్కినవాళ్ళు అరచెయ్యో, గోడ అవతలి మనిషినో పోగొట్టుకున్నారు. జెఫ్ కూపర్ (1920-2006) అని అమెరికా నౌకాదళ సైన్యంలో పనిచేసినాయన నాలుగు సూత్రాలు ప్రచారం చేశాడు: ప్రతి తుపాకీ నిండి ఉన్నట్టే, నాశనం చెయ్యదలచని దానివైపు గొట్టం తిప్పవద్దు, గురి కుదిరేదాకా మీట మీద వేలు వద్దు, గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. మొదటిదే మిగతా మూడింటికీ తల్లి. అది అనుమానమే కదా!

తక్కినదంతా మనం కుట్టుమిషను చూసుకున్నట్టే. కంచు బ్రష్షుతో గొట్టంలో మసి తియ్యడం, గుడ్డతో తుడవడం, రాసుకునే చోట ఒకటి రెండు చుక్కల నూనె. నూనె ఎక్కువైతే మసి పట్టి జిడ్డవుతుంది. తోలు సంచిలో వదిలేస్తే తోలు చెమ్మ పీల్చి ఇనుము తుప్పు పడుతుంది.

ఇత్తడి గొట్టాలు నల్లబడి ఉంటే మా చెల్లెలు వేళాకోళంగా, "చింతపండు పెట్టి తోమిపెట్టనా?" అంది. ఆయన నవ్వలేదు. ఆ మసిలో సీసం ఉంటుంది. పిల్లల మెదడుకు సీసం విషం. అక్రోటు చిప్పల పొడిలో వేసి మిషనులో దొర్లించి మెరుగు పెడతారు. ఆ దుమ్ము ఇంట్లో పడకూడదు. ఆ గదిలో కాఫీ కూడా తాగడు. మైదానం నించి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లవాణ్ణి దగ్గరికి తీస్తాడు. విడిచిన బట్టలు విడిగా ఉతుకుతారు.

ఇంత చూశాక ఆ రాత్రి మా చెల్లెల్ని అడిగాను, ఇంకా భయమా అని. "ఆయన్ని నమ్ముతాను. ఆ వస్తువును నమ్మను" అంది. నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే లెక్కలు ఆమె పక్షానే ఉన్నాయి. 2020లో అమెరికాలో ఏడాది నించి పందొమ్మిదేళ్ళ లోపు వారి మరణాలకు మొదటి కారణం తుపాకులే; మోటారు ప్రమాదాలు రెండో స్థానానికి వెళ్ళాయి. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా, ఇంట్లో లేకపోవడమే మేలు, ఉంటే ఖాళీ చేసి తాళంలో, తూటాలు విడిగా ఇంకో తాళంలో ఉండాలని. దాచిపెడితే సరిపోదా అనకండి. పెద్దమ్మ తెచ్చిన అరిసెల డబ్బా ఏ అలమారలో దాచారో మా వాడు రెండో రోజుకే కనిపెట్టాడు!

పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద కట్టి, శవమని నమ్మించారు. విరాటపర్వం చెప్పేటప్పుడు ఇన్నాళ్ళూ దాన్ని శత్రువుల కంట పడకుండా చేసిన ఉపాయమనే చెప్పాను. ఇప్పుడు ఇంకొకటి కూడా చెబుతాను: ఆ చెట్టు కింద ఆడుకునే పశువుల కాపరి పిల్లల కోసం కూడా అని.

నా సమక్షంలో భార్యాభర్తలకు ఒడంబడిక కుదిరింది. పిస్తోలు ఒక ఇనప్పెట్టెలో, తూటాలు ఇంకొక దాంట్లో. గదిలో ఉన్నప్పుడు ఇల్లు కూలినా తలుపు తట్టకూడదు. వెండి గిన్నెలు లెక్కపెట్టినట్టు నెలకోసారి మా చెల్లెలు లెక్క చూస్తుంది. అందుకోసం ఆమె కూడా జాగ్రత్తల తరగతికి వెళ్ళి, ఖాళీ చెయ్యడం నేర్చుకుంటుంది.

అన్నిటికన్నా కష్టమైన షరతు ఇంకొకటి. పిల్లవాడు స్నేహితుల ఇళ్ళకు ఆడుకోవడానికి వెళ్ళేముందు, "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉందా?" అని ఆ ఇల్లాలిని అడగాలి. మన ఆడవాళ్ళకు ఎంత మొహమాటమో ఆలోచించండి. "మీ ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగినట్టే అడగమన్నాను. మొదటిసారి ఫోను చేసినప్పుడు చెల్లెలి గొంతు వణికింది. అవతలావిడ కోపగించుకోలేదు సరికదా, "అడిగినందుకు సంతోషం, మాకూ ఉంది, తాళంలో ఉంది. మరి మీ ఇంట్లో?" అని తిరిగి అడిగిందట.

మన దేశంలో ఈ బెంగ తక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే పిస్తోలు గాని, తూటా గాని ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఇంట్లో తూటాలు నింపుకోవడం మనకు ఊహకందని మాట. కాని గ్యాసు బండ మనింట్లో ఉంది. పురుగుల మందు డబ్బా ఉంది. మామగారి బి.పి. మాత్రల సీసా ఉంది. కట్టేశామా లేదా అని రెండోసారి లేచి చూసే ఇల్లాలిని చాదస్తం అని నవ్వేవాళ్ళూ ఉన్నారు.

బయల్దేరే రోజున చెల్లెలు, "ఆయన్ని మాన్పించమన్నాను, నువ్వేమో నాకు లెక్కల పని అంటగట్టావు" అని నిష్ఠూరమాడింది. మానెయ్యమనడం నీ హక్కు, అడుగుతూనే ఉండు అన్నాను. ఆయన మానేదాకా మాత్రం నీ అనుమానం మానుకోవద్దని చెప్పి విమానం ఎక్కాను.