మాటకారితో కర్నూలు, కడప

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని మన పెద్దలు అన్నారు. మరి నోరే తెరవనివాడికి ఊరు ఎట్లా ఉంటుంది? ఈ సంగతి మన గోడపత్రికలో ఇంతవరకు ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

నేను తక్కువ మాట్లాడతానని మన హాస్టల్లో అందరికీ తెలుసు. కొందరు "మూగోడు" అంటారు. మాది సుగాలి తండా. ఇంట్లో గోర్ బోలీ మాట్లాడతాం కాబట్టి తెలుగు రాక ఊరికే ఉంటాడేమో అని కొత్తగా వచ్చిన సార్లు అనుకుంటారు. అదేం కాదు. మా భాషలో కూడా నేను ఇంతే. పదిమంది ఉన్నచోట మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. నా పక్క ట్రంకుపెట్టె వాడు నాకు పూర్తిగా ఎదురు. వాడు నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చినాడు. మనిషి దొరక్కపోతే చెట్టుతో అయినా మాట్లాడతాడు. వాడి పేరు ఇక్కడ రాయను. రాయకపోయినా మీకు తెలిసిపోతుంది.

వాడి అన్న కడపలో పని చేస్తాడు. పండగకు గూడేనికి వచ్చినప్పుడల్లా కొత్త చొక్కా వేసుకొని వస్తాడు. అది చూసి మా వాడికి చదువు మీద మనసు పోయింది. "పది అయిపోతే నేను కూడా కడపకే పోతా" అని రోజూ అంటున్నాడు. దసరా సెలవులకు "పనిచోటు చూసొద్దాం, నువ్వు కూడా రారా" అన్నాడు. మా నాయన సరే అన్నాడు. వార్డెన్ సార్ ఇద్దరి ఇంటివాళ్ళ సంతకాలు చూసి పంపించినారు.

మొదటి బస్సుకు బయలుదేరి పొద్దున్నే కర్నూలులో దిగినాము. ఆ హారన్లకు నాకు చెవులు దిమ్మెక్కినాయి. మా వాడు మాత్రం నీళ్ళలో పడిన చేప మాదిరి అయిపోయినాడు. ఉగ్గాని బండి దగ్గర "ఏమప్పా, ఎవరి పిల్లోళ్ళు మీరు?" అని అడిగితే ప్లేటు ఖాళీ అయ్యేలోపల మా ఇద్దరి వంశ చరిత్ర చెప్పేసినాడు. మిరపకాయ బజ్జీ ఒకటి ఎక్కువ వేసినారు.

తర్వాత కొండారెడ్డి బురుజు చూసినాము. 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమాలో ఉండేది ఈ బురుజే. దీని కింద సొరంగం ఉందనీ, అది తుంగభద్ర కింద నుంచి గద్వాలకు పోతుందనీ జనం కథగా చెప్తారు. మా వాడు ఆ కథను అక్కడికి వచ్చినవాళ్ళకే మళ్ళీ చెప్పినాడు. కర్నూలు 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మొదటి ముఖ్యమంత్రి. భవనాలు చాలక గుడారాల్లో కూడా ఆఫీసులు నడిపినారంట. సాంఘిక శాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివింది, ఆ ఊర్లో నిలబడి తలచుకుంటే వేరుగా అనిపించింది.

నది వైపు పోయే దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగినాము. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి కర్నూలు మునిగింది కదా, "నీళ్ళు యాడి దాకా వచ్చినాయి పెద్దాయనా?" అని మా వాడు అడిగినాడు. అడిగి, అటు ఎవరో గాలిపటం ఎగరేస్తుంటే చూడడానికి పోయినాడు. ఆ పెద్దాయన చెయ్యి పైకెత్తి అంగడి షట్టరు పైభాగం చూపించినాడు. మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నారంట. నీళ్ళు తీసినాక ఇంట్లో మోకాలి లోతు బురద, పెండ్లి ఫోటోలు అన్నీ అందులోనే పోయినాయంట. నేను "ఊ" అని మాత్రం అన్నాను. ఆయన చెప్తూనే ఉన్నాడు. అప్పుడు నాకు ఒకటి తెలిసింది. ప్రశ్న అడిగేది వాడు, జవాబు వినేది నేను. వాడు లేకుంటే నేను అడిగేవాణ్ణే కాదు. నేను లేకుంటే ఆ జవాబు గాలికి పోయేది.

మధ్యాహ్నం కడప బస్సెక్కినాము. ఈ రెండు ఊర్లనూ కలిపే కాలువ ఒకటి ఉంది. దాని పేరే కర్నూలు–కడప కాలువ, అందరూ కె.సి. కెనాల్ అంటారు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై దాదాపు 300 కిలోమీటర్లు పోతుంది. 1860లలో ఇంగ్లీషు కంపెనీ ఒకటి తవ్వించింది. కంపెనీకి లాభం రాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ రోజుల్లో దీంట్లో పడవలు కూడా తిరిగినాయి. వాన సరిగ్గా పడని మన సీమలో ఆ కాలువ కింద వరి పచ్చగా ఉంటే, కాలువ ఎక్కని చోట ఎర్రనేల, ముళ్ళకంపలు. నేను కిటికీ దగ్గర కూర్చొని అదే చూసినాను.

ఆళ్ళగడ్డలో బస్సు ఆగినప్పుడు మా వాడు కండక్టరుతో "అన్నా, అహోబిలానికి ఇక్కడ్నే కదా తిరిగేది? ఆ నరసింహస్వామి మా ఇంటి అల్లుడు" అన్నాడు. చెంచులక్ష్మిని పెండ్లి చేసుకున్నాడు కాబట్టి చెంచువాళ్ళకు ఆయన అల్లుడే. బస్సంతా నవ్వినారు. నేను సిగ్గుతో మొహం కిటికీ బయట పెట్టినాను. చాగలమర్రి, మైదుకూరు దాటి చీకటి పడే వేళకు కడప చేరినాము.

మరునాడు వాడి అన్న పనికి పోతే మేము ఊరు చూసినాము. దేవుని కడపలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. బీబీ నాంచారమ్మను పెండ్లాడినందుకు స్వామి తమ ఇంటి అల్లుడని ఉగాది రోజు ముస్లింలు కూడా దర్శనానికి వస్తారు. "సీమలో దేవుళ్ళంతా ఇల్లరికం అల్లుళ్ళేరా" అన్నాడు మా వాడు. అప్పుడు నేను కూడా గట్టిగా నవ్వినాను.

పెద్ద దర్గాలో హిందువులు, ముస్లింలు కలిసి కూర్చున్నారు. అప్పటికి నా తల బరువెక్కింది. ఎక్కువమంది జనంలో తిరిగితే నాకు పని చేసినంత అలసట వస్తుంది. "నువ్వు తిరుగు, నేను కాసేపు ఇక్కడ ఉంటా" అన్నాను. వాడు కోపం చేసుకోలేదు. పోయి, తిరిగి వచ్చి, నా పక్కన అరగంట మాట లేకుండా కూర్చున్నాడు. వాడికి అది ఎంత కష్టమో నాకు తెలుసు!

అక్కడి నుంచి బ్రౌన్ గ్రంథాలయానికి పోయినాము. సి.పి. బ్రౌన్ కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషు దొర. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినాడు. ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, తాటాకు పుస్తకాలు తెప్పించి రాయించినాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినాడు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆ బంగళా ఉండిన చోటే ఈ గ్రంథాలయం కట్టినారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు దీని కోసం చాలా పాటుపడినారు. ఆయన బ్రౌనుకు కూడా తెలుగు అమ్మ నేర్పిన భాష కాదు కదా అనుకున్నాను. పేజీ తిప్పే చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ చోటు నాకు మన పాఠశాల కంటే కూడా సొంతంగా అనిపించింది. మా వాడు పది నిమిషాలకే బయటికి పోయి వాచ్‌మన్‌తో కబుర్లు పెట్టినాడు.

ఇంక అసలు సంగతి. వాడి అన్న పని చేసేది ఊరి బయట నాపరాళ్ళు కోసి పాలిష్ పెట్టేచోట. బొంబాయిలో కూడా వంటింటి అరుగులకు మన కడప బండలే వాడతారంట. రాత్రి అన్నం తినేటప్పుడు మా వాడు "అన్నా, పని బాగుంటుందా?" అంటే "బాగుంటుంది లేరా" అన్నాడు. వాడు అదే నమ్మి పండుకున్నాడు. నాకు నిద్ర రాక మిద్దె మీదికి పోయినాను. అన్న కూడా వచ్చినాడు. వచ్చి దగ్గుతూ కూర్చున్నాడు. వేళ్ళు పగిలి తెల్లగా ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఆయనే అన్నాడు, "వాడికి చెప్తే నవ్వులాట పడతాడు. నువ్వు చెప్పు. దుమ్ము లోపలికి పోతాది. నేను ఏడో తరగతిలో మానేసినా కాబట్టి ఇక్కడ ఉండా. వాణ్ణి రానియ్యొద్దు."

మరునాడు తిరిగి వచ్చే బస్సులో మైదుకూరు దాటినాక నేను ఆ మాటలు ఒకటి కూడా పోకుండా చెప్పినాను. అంతసేపు నేను మాట్లాడడం, వాడు వినడం అదే మొదటిసారి. నంద్యాల దాకా వాడు నోరెత్తలేదు.

ఇది గోడకు పెట్టే ముందు వాడికి చదివి వినిపించినాను. "పెట్టురా, మా అన్న కూడా ఏమనుకోడు" అన్నాడు. వార్డెన్ సార్‌కు ఒక మనవి. ప్రేయర్‌లో నిలబెట్టి మాట్లాడమంటే నాలాంటివాళ్ళు మాట్లాడలేరు. కాగితం ఇస్తే రాస్తాము. మిత్రులారా, మాట్లాడేవాణ్ణి వాగుడుకాయ అనొద్దు, మాట్లాడనివాణ్ణి మూగోడు అనొద్దు. ఇద్దరినీ ఒకే బస్సెక్కించండి.

పది అయినాక ఏం చేసేది మా వాడు ఇంకా తేల్చలేదు. నేను కూడా అడగలేదు. నిన్న రాత్రి మాత్రం నా లెక్కల నోట్సు తీసుకొని ఎక్కించుకున్నాడు.

– పదవ తరగతి విద్యార్థి