వేగాస్‌కి రెండు కవర్లు

వచ్చే జూన్‌లో టొరంటో నుంచి లాస్ వేగాస్ వెళ్లాలి. నెల రోజులు, పోకర్ ఆడటానికే. ఇంటికి పంపాల్సింది పంపగా రెండేళ్లలో దాచింది 5,000 అమెరికన్ డాలర్లు.

రాత్రి డబ్బు లెక్క రెండు కవర్ల మీద రాశాను. మొదటిది బతకడానికి: ఇద్దరు స్నేహితులతో పంచుకునే ఇంట్లో నా వాటా 1,200, తిండికి 500, రానుపోను టికెట్లకు 300. హోటల్ వద్దనుకున్నాం. గది అద్దెతో పాటు రిసార్ట్ ఫీజు కూడా పడుతుంది. ఇంట్లో వంటగది ఉంటే రైస్ కుక్కరూ, కందిపొడీ చాలు.

రెండో కవర్‌లో 3,000. ఒక్కో టోర్నమెంట్‌కి 150 చొప్పున 20 సార్లు కూర్చోవచ్చు. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ ప్రవేశ రుసుమే 10,000 డాలర్లు. అది మనకు కాదు.

2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ శాటిలైట్ (అర్హత పోటీ) గెలిచి అక్కడికెళ్లి 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆ కథంటే నాకూ ప్రాణమే. కానీ టోర్నమెంట్‌లో నూటికి 85 మంది ఉత్తి చేతులతోనే లేస్తారు. పెద్ద మొత్తం గెలిచినా, మనలాంటి విదేశీయులకు 30 శాతం పన్ను అక్కడే పట్టుకుంటారు.

అందుకే రెండో కవర్ ఖాళీ అయితే మొదటిది ముట్టుకోను, ఆట ఆపేస్తాను.

మీరూ వెళ్లాలనుకుంటే వెళ్లండి. అప్పు చేసి మాత్రం వెళ్లకండి. తిరుగు టికెట్ ముందే కొనుక్కోండి.