జాతర అయిపోయాక

తిరుపతి గంగమ్మ జాతర మే నెల ఎండల్లో వస్తుంది. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని తాతయ్యగుంట గుడికి నడుస్తారు. ఎవరూ నవ్వరు, దండం పెడతారు.

జూన్‌లో బడి తెరుస్తాం. సెలవుల్లో మామిడి తోటల్లో కూలికి పోయిన మా ఎరుకల పిల్లలు ఇంకా నల్లబడి వస్తారు. కొత్త చొక్కా వేసుకున్నా ముందు వినబడేది "నల్లోడా" అనే పిలుపే. అలా పిలిపించుకున్నవాళ్లే, నడకలో కాస్త మెత్తదనమున్నవాణ్ణి "ఆడంగి" అంటారు. నెల కిందట ఆ నడకకే కదా హారతి పట్టింది!

మగవాడు మగవాణ్ణి ఇష్టపడితే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. మమ్మల్నీ ఒకప్పుడు చట్టమే పుట్టుకతో నేరస్తులంది. 1952లో ఆ చట్టం పోయింది. ఊళ్లో దొంగతనమైతే మా గుడిసెల వైపు చూడటం మాత్రం ఆ ఏడాదితో పోలేదు. ఆ చూపు ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొన్న ఒక పదో తరగతి పిల్లవాడి తండ్రి వచ్చి, "పెండ్లి చేస్తే సర్దుకుంటాడు సార్, బడి మానిపిస్తా" అన్నాడు. పదిహేనేళ్లవాడికి పెండ్లి! "వాడు సర్దుకోవాల్సిందేమీ లేదన్నా, ముందు బడికి రానీ" అన్నాం. తల ఊపలేదు, కాదనీ అనలేదు.

వానలు మొదలయ్యాయి. వాడు వస్తున్నాడు.